కర్రు మార్చుదము, నాగలిని కాదు

(మండల స్థాయి శిక్షకుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ప్రచార విభాగము వారిని ఇట్టి సమావేశమునకు పిలిచినపుడు క్రొత్త పటములో, క్రొత్త పుస్తకములో తెత్తురని ఎదురుచూచుట సహజము. మేము ఈ దినము క్రొత్తది ఏదియు తీసికొని రాలేదు. మీ బీరువాలలోను, ట్రంకు పెట్టెలలోను, ఉపకేంద్రముల గోడలమీదను ఇదివరకే ఉన్నవాటిని గూర్చి మాటలాడుటకు వచ్చితిమి. ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, రైతులకు సలహా చెప్పు సిబ్బందికి పని నేర్పుటకై మనము వాడు ఫ్లిప్ చార్టులు, కరపత్రములు, చేతిపుస్తకములు ఎన్నియో ఉన్నవి. అచ్చయిన నాడు అవి ముచ్చటగానే ఉండును. నాలుగేండ్లు గడచిన పిమ్మట వాటిలోని మాట నిజముగా నిలిచియున్నదా? నిలువనిచో దానిని సరిదిద్దుటకు వీలున్నదా? లేక మొత్తము పారవేసి మరల మొదటినుండి అచ్చువేయవలసినదేనా? ఇదియే నేటి మా విషయము.

ఊరక సాధారణముగా చెప్పుకొన్నచో ఇది కాగితముల గొడవగా తోచును. కావున ఒక్క పాఠమును తీసికొని చూతము. పిల్లల నీళ్ళ విరేచనముల పాఠము మీలో ప్రతివారును చెప్పినదే, ప్రతి ఉపకేంద్రములోను దాని పటము ఉన్నదే.

ఈ పాఠమునకు ఒక చరిత్ర కలదు. 1971లో తూర్పు బెంగాలునుండి శరణార్థులు లక్షలాదిగా మన దేశమునకు వచ్చిరి. సరిహద్దులోని బన్‌గావ్ వద్ద కలరా చెలరేగెను. నరములలోనికి ఎక్కించు సెలైను నిండుకొనెను. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో నింపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించిరి. నూటికి 30 వరకు ఉండిన మరణములు 4 లోపునకు దిగినవి. పెద్ద ఆసుపత్రి చేయు పనిని తల్లి చేతిలోని గ్లాసు చేయగలదని నాడు ఋజువైనది. దాని నుండియే నేటి ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు గ్రామ గ్రామమునకు చేరినది.

ఇంత గొప్ప విద్య గదా, ఒకమారు పటముగా వేసి గోడకు తగిలించినచో చాలునని అనిపించును. అట్లు చాలలేదు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బిడ్డకు ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మరేమియు ఈయరాదని చెప్పినది; అంతకుముందు నాలుగునుండి ఆరు నెలలు అని చెప్పుచుండిరి. 2002లో ప్యాకెట్టులోని పాళ్ళు మారినవి. లీటరు నీటికి ఉప్పు 3.5 గ్రాములనుండి 2.6 గ్రాములకు, గ్లూకోజు 20 గ్రాములనుండి 13.5 గ్రాములకు తగ్గినవి. లీటరు ప్యాకెట్టు మొత్తము బరువు 20.5 గ్రాములైనది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యునిసెఫ్‌యు కలిసి జింకు మాత్రను గూడ ఈయవలెనని చెప్పినవి. మన దేశములో దానిని 14 దినములు వాడుదురు. రెండు నెలలు నిండి ఆరు నెలలు దాటని బిడ్డకు అర మాత్ర, ఆరు నెలలు దాటినచో ఒక మాత్ర. 2016లో రోటా వైరస్ టీకా చుక్కలు వచ్చినవి. మొట్టమొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పదునైదు ఏండ్లలో ఒకే పాఠమునకు నాలుగు మార్పులు! 2000 సంవత్సరములో అచ్చువేసిన పటమును 2016లో చూపించి పాఠము చెప్పినవారు ఒక్క అబద్ధమైనను ఆడవలెనని తలపరు. పటమే వారి చేత ఆడించును.

పాళ్ళు మారుట మందు చేయువారి సంగతి, మాకేమి అని మీలో ఎవరైన అనవచ్చును. అది కొంత నిజమే. ప్యాకెట్టును విప్పి ఉప్పును తూచువారు ఎవరును లేరు. కాని నీటి కొలత మాత్రము తల్లి చేతిలోనిది. ఈ విషయములో మేము స్వయముగా చూచిన ఒక సంగతి చెప్పెదము.

ఒక గ్రామములో బిడ్డకు విరేచనములు పట్టుకొన్నవి. తండ్రి మందుల దుకాణమునకు పోయి ఓ.ఆర్.ఎస్. అడిగెను. వారిచ్చినది 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్టు, అనగా ఒక గ్లాసు నీటికి సరిపోవునది. ఇంటిలోని నాయనమ్మకు అంగన్‌వాడీ గోడమీది పటము బాగుగా గుర్తున్నది. ఆమె లీటరు నీళ్ళు కాచి చల్లార్చి, ఆ చిన్న ప్యాకెట్టును అందులో కలిపినది. ఆశా కార్యకర్త వచ్చి చూచి, "ఇదేంది పెద్దమ్మా, ఇన్ని నీళ్ళల్లో కలిపినావు?" అని అడిగెను. ముసలమ్మ తొణకలేదు. "నువ్వే గదమ్మా చెప్పింది, ఒక ప్యాకెట్టు, ఒక లీటరు అని. బొమ్మ గూడ సూపిస్తివి గదా" అనెను. కార్యకర్త వద్ద జవాబు లేదు. పటములో ఉన్నది అదే. ముసలమ్మ చేసినది అక్షరాల అదే. బిడ్డకు చేరినది మాత్రము అయిదవ వంతు మందు. కార్యకర్త చురుకైనది కనుక తన సంచిలోని లీటరు ప్యాకెట్టును తీసి మరల కలిపించి, బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపెను. బిడ్డ కోలుకొనెను.

ఇదే తలక్రిందులైనచో మరింత ప్రమాదము. గ్లాసునకు అలవాటుపడిన ఇంటిలో లీటరు ప్యాకెట్టును గ్లాసు నీటిలో కలిపినచో ఉప్పు అయిదు రెట్లగును. నీరు చాలని పసి శరీరమునకు అంత ఉప్పు విషముతో సమానము.

ఇక్కడ తప్పు ఎవరిది? కార్యకర్త పాఠమును మరువలేదు. ముసలమ్మ పెడచెవిన పెట్టలేదు. పటము గీసిన నాడు గ్రామములో దొరకినది లీటరు ప్యాకెట్టు ఒక్కటియే కావచ్చును. పటమును తయారు చేసిన తీరులోనే లోపమున్నది. నిలిచియుండు మాటను, మారిపోవు మాటను ఒకే బొమ్మలో, ఒకే ఆకుమీద కలిపి పెట్టిరి.

మీరందరును సేద్యము ఎరిగినవారు. నాగలికి కర్రు అరిగినచో కమ్మరి కొలిమికి తీసికొనిపోయి సాగగొట్టింతురు. మరీ అరిగినచో క్రొత్త కర్రు వేయింతురు. కర్రు అరిగినదని నాగలిని పొయ్యిలో పెట్టరు. నాగలిని చేసిన వడ్రంగి మొదటినుండియే కర్రు ఊడి వచ్చునట్లు చేసినాడు కనుక ఇది సాధ్యమైనది. మన పాఠములను గూడ అట్లు చేయవలెను.

నీళ్ళ విరేచనముల పాఠములో నాగలి ఏది, కర్రు ఏది? పోయిన నీటిని మరల పోయవలెననుట మారదు. చనుపాలు ఆపరాదనుట, తినగల బిడ్డకు తిండి మాన్పింపరాదనుట మారదు. కన్నులు లోతునకు పోవుట, బిడ్డ మగతగా పడియుండుట, త్రాగలేకపోవుట, పొట్టమీది చర్మమును పట్టి వదలినచో మెల్లగా వెనుకకు పోవుట, మలములో రక్తము కనబడుట, వీనిలో ఏ ఒక్కటి ఉన్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెననుట మారదు. సబ్బుతో చేతులు కడుగుకొనుట మారదు. ఇదంతయు నాగలి. ప్యాకెట్టు పరిమాణము, మాత్రల లెక్క, దినముల లెక్క, టీకా వేయు వారములు, మందు దొరకు చోటు, ఫోను చేయవలసిన అంకె, ఇవి కర్రు. కర్రు అంతయు ఒక ఆకుమీదకు రావలెను. ఆ ఆకు విడిగా ఊడి రావలెను.

కొన్ని చోట్ల మాటను మార్చుటచేతనే కర్రు అరుగుట తగ్గును. "ఒక ప్యాకెట్టు, ఒక లీటరు" అనుటకు బదులుగా "ప్యాకెట్టుమీద వ్రాసిన కొలత చూచి, అంత నీరు" అని వ్రాసినచో ఆ మాట చిన్న ప్యాకెట్టునకును పెద్ద ప్యాకెట్టునకును చెల్లును. చదువురాని తల్లికి ఎట్లు అందురా? రెండు ప్యాకెట్ల బొమ్మలను ప్రక్కప్రక్కన వేసి, ఒకదాని ఎదుట ఒక గ్లాసును, రెండవదాని ఎదుట అయిదు గ్లాసులను చూపవలెను. కార్యకర్త ఆ రెంటిని చేతిలో పట్టుకొని చూపినచో మరియు మేలు. ప్యాకెట్టు అసలే దొరకని రాత్రి వేళకు లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలమట్టముగా, అను లెక్క ఉన్నదే. అది గూడ ఆ ఆకుమీదనే ఉండవలెను.

ఇక ఆకుల సంగతి. మనవారికి పుస్తకమును గట్టిగా కుట్టించుట యందు, పటమును లామినేషను చేయించుట యందు గొప్ప మక్కువ. అందమునకు, వానకు తట్టుకొనుటకు అది మంచిదే. కాని లామినేషను చేసిన పటముమీద కలము వ్రాయదు. దానిపై మైదా జిగురుతో అంటించిన సవరణ చీటీని బొద్దింకలు తిని పెట్టును. కార్యాలయపు ఫైళ్ళకు కట్టు ట్యాగు ఉన్నదే, అది రూపాయి విలువ చేయని వస్తువు. ఆకులకు రెండు రంధ్రములు పొడిచి ట్యాగుతో కట్టినచో ఏ ఆకునైనను క్షణములో తీసి మరియొకటి పెట్టవచ్చును. ఒక ఆకునకు ఒక్క సంగతియే ఉండవలెను. రెండు సంగతులను ఇరికించినచో, ఒకటి మారినపుడు మారని రెండవది గూడ అనవసరముగా పారవేయబడును.

ప్రతి ఆకు మూలను దాని సంఖ్యయు, అది తయారైన నెల, సంవత్సరము ఉండవలెను. పుస్తకపు అట్టమీద ఒక్కచోట వేసిన తేదీ చాలదు. ఇందునకు ఒక కారణము కలదు. నేడు పటములు అచ్చుకంటె ఫోనులలో ఎక్కువగా తిరుగుచున్నవి. ఒకరు ఆకును ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టుదురు. అది పది గ్రూపులు దాటి ఎక్కడికో పోవును. అట్ట దానితో పోదు, తేదీ దానితో పోదు. ఆరేండ్ల క్రిందటి ఆకు నిన్నటి ఆకువలె కనబడును. బొమ్మకు దగ్గరగా, కత్తిరించుటకు వీలులేనంత దగ్గరగా, తేదీని వేసినచో ఆ ఫొటో ఎంత దూరము పోయినను తన వయస్సును తానే చెప్పుకొనును.

బొమ్మలలో అక్షరములు ఉండరాదు. ఈ మాటను చిత్రకారులు ఒప్పుకొనరు. వారికి బొమ్మలోనే మాటలను అల్లుట ఇష్టము. కాని అక్షరము బొమ్మ క్రింద వేరుగా ఉన్నచో ఆ బొమ్మను పది చోట్ల వాడవచ్చును. మన తెలుగులోనే ఒకచోట బేదులు అందురు, ఒకచోట విరేచనాలు అందురు, నేటి యువతులు మోషన్లు అనుచున్నారు. ఏజెన్సీ గ్రామములలో కోయ, సవర, గోండి మాటలాడు తల్లులున్నారు. బొమ్మ ఒక్కటే ఉంచి క్రింది మాటను మార్చినచో పని తీరును. బొమ్మలోనే మాట ఉన్నచో ప్రతి ఊరికి ఒక చిత్రకారుని వెదకవలసి వచ్చును.

ఇట్లు తమ పుస్తకమును పరుల చేతికిచ్చి మార్చుకొనుడని చెప్పినవారు లేకపోలేదు. మెక్సికో దేశపు కొండపల్లెలలో పనిచేసిన డేవిడ్ వెర్నర్ అనునాయన 1973లో స్పానిష్ భాషలో గ్రామ ఆరోగ్య కార్యకర్తల కొరకు ఒక పుస్తకము వెలువరించెను. 1977లో అది ఆంగ్లములో వచ్చినది. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు "వైద్యుడు లేని చోట" అను పేర దానిని ప్రచురించిరి. లాభాపేక్ష లేనిచో ఆ పుస్తకములోని భాగములను, బొమ్మలను ఎవరైనను ప్రతి తీసికొనవచ్చునని, తమ ప్రాంతమునకు తగినట్లు మార్చుకొనవచ్చునని అందులోనే అనుమతి ఇచ్చిరి. అందుచేతనే అది ఎన్నో భాషలలోనికి పోయి, పోయిన చోటనెల్ల అక్కడి చీరెను, అక్కడి చెంబును ధరించినది. మన కరపత్రములలో అనేకము "సర్వ హక్కులు" అను ముద్రతో వెలువడుచున్నవి. గ్రామ ఆరోగ్య పాఠమును ఎవరు దొంగిలింతురని ఈ కాపలా? దొంగిలించి నలుగురికి చెప్పినచో మనకు సంతోషము గదా!

మారవలసినది ఎక్కడ ఉన్నదో తెలిసినను, మార్చుటకు మూలప్రతి చేతిలో ఉండవలెను. ఇది మా వృత్తికి సంబంధించిన మాట కనుక కొంచెము విపులముగా చెప్పెదము. చాలకాలము తెలుగు అచ్చుపని అంతయు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో జరిగినది. అచ్చులో అవి చక్కగా కనబడును. కాని ఆ అక్షరముల వెనుక కంప్యూటరులో దాగియున్నవి తెలుగు అక్షరముల సంకేతములు కావు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలును తెరచినచో అర్థములేని ఆంగ్ల అక్షరముల గుంపు కనబడును. అందులో ఒక మాటను వెదకుటకు వీలులేదు. ఫోనులోనికి పంపి చదువుకొనుటకు వీలులేదు. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. ఆ విధముగా కూర్చిన పాఠము ఏ కంప్యూటరులోనైనను, ఏ ఫోనులోనైనను తెలుగుగానే నిలుచును. "జింకు" అని వెదకినచో ఆ మాట ఉన్న ఆకులన్నియు బయటపడును. ఏ ఆకు మార్చవలెనో తెలియును.

దీనికంటెను పెద్ద చిక్కు మరియొకటి. మూలప్రతి ఎవరి వద్ద ఉన్నది? అడిగినచో, డి.టి.పి. చేసిన కుఱ్ఱవాని వద్ద ఉన్నదందురు. ఆ కుఱ్ఱవాడు దుకాణము మూసి పట్టణమునకు పోయినాడు. అతని కంప్యూటరు అమ్ముడుపోయినది. అప్పుడు ఏమి చేయుదురు? అచ్చయిన పటమును జిరాక్సు తీయుదురు. జిరాక్సునకు జిరాక్సు తీయగా తీయగా బిడ్డ ముఖము నల్లమచ్చగును. "అర మాత్ర" లోని "అర" మాసిపోయి "మాత్ర" మిగులును. మేము అతిశయోక్తి పలుకుటలేదు. మీ ఉపకేంద్రములోని ప్రతిని వెలుతురులో పట్టి చూడుడు. అచ్చు బిల్లు చెల్లించునపుడే మార్చుటకు వీలైన ఫైలును, బొమ్మలను వేరుగా తీసికొని, రెండుచోట్ల భద్రపరచి, ఆ తరువాతనే సంతకము చేయవలెను. పి.డి.ఎఫ్. ఇచ్చినారు గదా అని తృప్తిపడరాదు. అది వండిన అన్నమువంటిది. దాని నుండి మరల బియ్యము రాదు.

శిక్షకులుగా మీరు వాడు పత్రము వేరు, నేర్చుకొనువారు ఇంటికి తీసికొనిపోవు పత్రము వేరు. ఈ రెంటిని కలిపినచో రెండును బరువెక్కును. 1940నుండి 1945 వరకు, యుద్ధ సన్నాహ కాలమున, అమెరికా కర్మాగారములలోనికి పని తెలియనివారు లక్షలాదిగా వచ్చి చేరిరి. వారికి పని నేర్పు ఫోర్‌మన్‌లకు గ్రంథములు పంచలేదు. జేబులో పట్టు ఒక అట్టముక్క ఇచ్చిరి. నేర్చుకొనువానిని సిద్ధపరచుట, పనిని చేసి చూపుట, వానిచేత చేయించుట, పిదప కనిపెట్టి చూచుట అను నాలుగు మెట్లు దానిమీద ఉండెను. ఏ యంత్రమైనను ఆ అట్టముక్క మారదు. ప్రతి పనికి మాత్రము వేరుగా ఒక చిన్న కాగితము వ్రాసికొందురు. అందులో ఒక ప్రక్క పనిలోని ముఖ్యమైన అంగలు, ఎదురుగా ఆ అంగలో జాగ్రత్త పడవలసిన కీలకము. మన పాఠమునకు ఇది చక్కగా అతుకును. "ప్యాకెట్టును నీటిలో పోయుట" అంగ. "మొత్తము ప్యాకెట్టును ఒకేమారు పోయవలెను, సగము దాచరాదు" కీలకము. "కలిపిన నీటిని త్రాగించుట" అంగ. "24 గంటలు దాటినచో పారబోయవలెను" కీలకము. ఇట్లు వ్రాసికొన్నచో శిక్షకుడు బదిలీ అయినను పాఠము బదిలీ కాదు.

వ్యవసాయ పక్షమువారు ఇచ్చట ఉన్నారు కనుక వారికొక మాట. పురుగు ఆనవాలును, దాని మందును ఒకే ఆకుమీద వేయకుడు. పురుగు తన రూపును మార్చుకొనదు. మందు మాత్రము నేడుండి రేపు నిషిద్ధము కావచ్చును. ఎండోసల్ఫాన్‌ను 2011 మే 13న సుప్రీంకోర్టు ఆపివేసెను. అంతకుముందు అచ్చయిన పంటల చేతిపుస్తకములలో ఆ పేరు లేనిది అరుదు. పురుగు బొమ్మలు బాగున్నవని ఆ పుస్తకములను దాచుకొన్న రైతులున్నారు. బొమ్మతోపాటు మందు పేరును గూడ వారు దాచుకొన్నట్లే గదా.

ఊరి పేర్లు, కార్యాలయముల పేర్లు, ఫోను అంకెలు గూడ కర్రులోనివే. తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాలు 10నుండి 31 అయినవి, 2019లో 33 అయినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినవి. ఆ దినములలో ఎన్ని పటములమీది "జిల్లా కేంద్రము" ఒక్క రాత్రిలో పరాయి జిల్లాకు పోయినదో ఊహించుడు. కాని 108 అంకె 2005 ఆగస్టు 15నుండి అట్లే ఉన్నది. దానిని బొమ్మ ప్రక్కనే పెద్ద అక్షరములతో వేయుడు. డాక్టరు గారి సెల్ నంబరును, పేరును మాత్రము పెన్సిలుతో వ్రాయుటకు ఖాళీ గడి విడువుడు.

ఇప్పుడు అన్నింటికంటె కష్టమైన పనికి వత్తుము. క్రొత్త ఆకును పంచుట సులభము. దానికి సభ ఉండును, ఫొటో ఉండును. పాత ఆకును వెనుకకు తెచ్చుటకు ఏ సభయు ఉండదు. దానిని ఎవరును చేయరు. పోలియో చుక్కలలో మూడు రకముల వైరస్‌కు పనిచేయు పాత మందును మాని, రెండు రకములకు పనిచేయు క్రొత్త మందునకు మన దేశము 2016 ఏప్రిల్ 25న మారినది. ఆ దినము క్రొత్త మందు ఇచ్చుటతో ఊరకుండలేదు. ఐసు పెట్టెలను, ఫ్రిజ్‌లను తెరచి చూచి పాత సీసాలను బయటికి తీసి నశింపజేసిరి. ఎక్కడను మిగులలేదని పరీక్షించిన తరువాత మే 9న నిర్ధారణ దినము పాటించిరి. సీసాల విషయములో దేశమంతయు చేయగలిగిన పనిని కాగితముల విషయములో ఒక మండలము చేయలేదా? పాము కాటునకు పైన త్రాడు బిగించి కట్టి, బ్లేడుతో గాటు పెట్టవలెనను పాత బొమ్మ ఒక్కటి గోడమీద మిగిలినను చాలును. అట్లు చేయరాదు, కదలించక త్వరగా ఆసుపత్రికి చేర్చవలెనని మనము నూరుమార్లు చెప్పినది ఆ అర్ధరాత్రి గుర్తునకు రాదు, బొమ్మయే గుర్తునకు వచ్చును.

అందునకు మేము అడుగునది చిన్న ఏర్పాటు. మండలమునకు ఒక్కరు, ఒక్కరే, ఈ పటములకు బాధ్యులు కావలెను. అందరి బాధ్యత అన్నచో ఎవరి బాధ్యతయు కాదు. వారి వద్ద ఒక రిజిస్టరు. ఏ పటము, ఏ ఆకు, ఏ తేదీది, ఏ ఊరిలో ఎవరి వద్ద ఎన్ని ప్రతులు, పాతది వెనుకకు వచ్చిన తేదీ, ఇంతే గడులు. క్రొత్త ఆకు ఇచ్చునపుడు పాత ఆకును చేతికి తీసికొని గాని ఈయరాదు. గ్యాసు సిలిండరు మార్చుకొనునట్లు. సంవత్సరమునకు రెండుమార్లు ఆకులన్నిటిని తీసి చూచుట చాలును. అందులో ఒకటి తొలకరికి ముందు జరుగవలెను. 2014నుండి అతిసార నియంత్రణ కార్యక్రమమును వానకాలపు రాకతోడనే దేశమంతట జరుపుచున్నారు. ఆ సమయమునకు మన ఆకు సిద్ధముగా ఉండవలెను గాని, ఆ సమయములో వెదకుట కాదు.

ఖర్చెవరిస్తారని వెనుక వరుసలో ఒకరు మెల్లగా అనుట మాకు వినబడినది. న్యాయమైన ప్రశ్నయే. ముప్పది ఆకుల ఫ్లిప్ చార్టును రంగులలో మరల వేయించుటకు డబ్బు కావలెను, మంజూరు కావలెను, టెండరు కావలెను. అది వచ్చుసరికి ఏడాది గడచును. ఒక్క ఆకును మార్చుటకు మండల కార్యాలయపు ప్రింటరు చాలును. నలుపు తెలుపులో ఉన్నను తప్పు లేదు. రంగులలో అబద్ధముకంటె నలుపులో నిజము మేలని మా అభిప్రాయము. ఆ మాటకు మా ముద్రణ విభాగము వారు నొచ్చుకొన్నను సరే.

మరియొక సంగతి చెప్పక తప్పదు. ఆకులో ఏది అర్థముకాలేదో ముందుగా తెలియునది మీకు, మీకంటె ముందుగా కార్యకర్తలకు. పైన మేము చెప్పిన ముసలమ్మ ప్రశ్న ఆ కార్యకర్త మనసులోనే ఉండిపోయినచో పటము మారదు. ప్రతి ఆకు వెనుక భాగమును ఖాళీగా విడువుడు. ఎవరు ఏమి అడిగిరో, ఎక్కడ తబ్బిబ్బు పడిరో అక్కడనే నాలుగు మాటలు వ్రాయుమని కార్యకర్తలకు చెప్పుడు. తప్పులు పట్టినారని వారిమీద కోపగించినచో మరుసటిమారు ఆ వెనుక భాగము ఖాళీగానే వచ్చును. పాత ఆకులు వెనుకకు వచ్చినపుడు ఆ వ్రాతలను చదివి గాని చింపరాదు.

ఇప్పుడు టీకి లేచుటకు ముందు ఒక పని చేయుదము. మీ సంచులలో తెచ్చిన ఫ్లిప్ చార్టులను ఈ బల్లమీద పెట్టుడు. విరేచనముల పాఠమును తెరచి మూడు సంగతులు చూడుడు: ఆకుమీద తేదీ ఉన్నదా, నీటి కొలత ఎట్లు వ్రాసియున్నది, జింకు మాట ఉన్నదా. ఏది లేకున్నను ఆ ఆకును విప్పి ఈ ప్రక్క పెట్టెలో వేయుడు. కుట్టిన పుస్తకమైనచో కత్తెర ఇక్కడనే ఉన్నది. రిజిస్టరులో మొదటి పుట తెరచియున్నది. మీ ఊరి పేరును, ఆకు సంఖ్యను అందులో వ్రాయించుడు.